కటా లోపలి ఊపిరి

కటా అంటే ముందుగా కూర్చిపెట్టిన కదలికల వరుస. ఎదురుగా మనిషి ఉండడు. సాధకుడు ఒక్కడే నిలబడి, వంగి నమస్కరించి, కటా పేరు పైకి చెప్పి మొదలుపెడతాడు. కనబడని ప్రత్యర్థి దెబ్బను అడ్డుకుంటాడు, గుద్దుతాడు, తంతాడు, పక్కకు తిరుగుతాడు, వెనక్కి తగ్గుతాడు. ఏ అడుగు తర్వాత ఏ అడుగో, ఏ చెయ్యి తర్వాత ఏ చెయ్యో ముందే నిర్ణయమై ఉంటుంది. జపాను భాషలో ఆ మాటకు రూపం, అచ్చు అని అర్థాలు. కరాటే శిక్షణలో మూడు అంగాలున్నాయి. గుద్దునో అడ్డునో విడిగా తీసుకుని వందలసార్లు చేయడం కిహోన్. ఎదుటి మనిషితో తలపడడం కుమితే. మూడోది కటా.

సాయంత్రం పూట స్కూలు గ్రౌండులో తెల్ల యూనిఫాం వేసుకున్న పిల్లలు ‘ఇచి, ని, సాన్’ అని లెక్కపెడుతూ చేసేది ఎక్కువగా కటాయే. బెల్టు పరీక్షలో మాస్టారు తప్పకుండా అడిగేదీ అదే. అయితే చూసేవాళ్లకే కాదు, ఏళ్ల తరబడి చేసేవాళ్లకు కూడా అందులో రెండు సంగతులు అందకుండా పోతుంటాయి. ఒకటి, ఆ కదలిక దేనికోసం. రెండు, ఆ కదలికలో ఊపిరి ఎక్కడ పీల్చాలి, ఎక్కడ వదలాలి. మొదటిది తెలియకపోతే కటా కవాతు అయిపోతుంది. రెండోది తెలియకపోతే ఆ కవాతు కూడా సాగదు, రెండు నిమిషాల్లో రొప్పు వస్తుంది.

పద్యంలా నిలిచిన విద్య

కరాటే పుట్టిల్లు ఒకినావా. జపాను ప్రధాన దీవులకు దక్షిణాన, తైవాన్ వైపు సాగే దీవుల వరుసలో ఇది పెద్దది. 1879లో జపాను కలిపేసుకునేదాకా ఇది ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాతో, ముఖ్యంగా ఫుజియాన్ తీరంలోని ఫుజౌ రేవుతో దానికి శతాబ్దాల రాకపోకలు. స్థానికంగా ‘తే’ అని పిలిచే చేతిపోరు, అటునుంచి వచ్చిన చైనా విద్య కలిసిపోయి, రాజధాని షురిలో ఒక పోకడ, నాహా రేవులో ఒకటి, పక్కనే తొమారిలో ఇంకొకటి ఏర్పడ్డాయి. చాలాకాలం ఈ విద్య పేరును ‘చైనా చెయ్యి’ అనే అర్థం వచ్చే అక్షరాలతోనే రాసేవారు. ‘ఖాళీ చెయ్యి’ అనే అర్థం వచ్చేలా రాయడం గురించి పేరున్న గురువులు నాహాలో కూర్చుని మాట్లాడుకున్నది 1936 అక్టోబరు 25న. ఒకినావాలో ఇప్పుడు ఆ తేదీనే కరాటే దినంగా జరుపుకుంటున్నారు.

పాతకాలపు గురువులు పాఠ్యపుస్తకాలు రాయలేదు. కటాయే వాళ్ల పుస్తకం. వీధిబడుల కాలంలో మన పిల్లలు అర్థం తెలియకముందే అమరకోశాన్ని, శతక పద్యాల్ని వల్లెవేసి నోటికి పట్టేవారు. అర్థం గురువు తర్వాత చెప్పేవాడు. పద్యానికి గణాలు, యతి, ప్రాస ఉన్నాయి కాబట్టి ఒక్క మాట జారినా వెంటనే పట్టుబడేది. కటాకూ అలాంటి కట్టుబాటు ఉంది. నేల మీద అడుగులు నడిచే గీతను ఎంబుసెన్ అంటారు. షోటోకాన్ శాఖలో మొదట నేర్పే హెయాన్ షోదాన్ కటాలో 21 కదలికలుంటాయి. దాని గీత ఇంగ్లిషు పెద్ద ‘ఐ’ అక్షరంలా, కింద ఒక అడ్డగీత, పైన ఒక అడ్డగీత, నడుమ నిలువుగీతగా ఉంటుంది. అడుగు పొడుగైనా, మలుపు తప్పినా చివరికి బయల్దేరిన చోటికి చేరలేరు. తప్పు జరిగిందని నేలే చెబుతుంది.

ఈ కట్టుబాటు విలువ 1945లో తెలిసింది. ఆ ఏడాది ఒకినావా మీద జరిగిన యుద్ధంలో నాహా, షురి నేలమట్టమయ్యాయి. గోజు-ర్యూ శాఖను స్థాపించిన చోజున్ మియాగి తన తర్వాతి వాడిగా చూసుకున్న శిష్యుడు, జిన్‌ఆన్ షింజాతో అనే ఆయన, ఆ యుద్ధంలోనే చనిపోయారు. ఇళ్లు కాలిపోయాయి, రాతలు కాలిపోయాయి. బతికి బయటపడిన శిష్యుల ఒంట్లో కటాలు మిగిలాయి. ఇవాళ గోజు-ర్యూలో నేర్పే పన్నెండు కటాలు ఆ ఒళ్లలోంచి వచ్చినవే.

మన దగ్గర గట్టిగా నిలిచిన ఒక నమ్మకం గురించి ఇక్కడ చెప్పాలి. కాంచీపురం నుంచి వెళ్లిన బోధిధర్ముడే షావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్య నేర్పాడని, కరాటేకు మూలం అదేనని చాలామంది అంటారు. సినిమాలు ఆ నమ్మకాన్ని ఇంకా పెంచాయి. చరిత్రకారులు దీన్ని అంగీకరించరు. బోధిధర్ముడి పేరు మీద చలామణీ అయ్యే ‘యీజిన్ జింగ్’ అనే వ్యాయామ గ్రంథం 17వ శతాబ్దపు రచన, అంటే ఆయనకు వెయ్యేళ్ల తర్వాతది. భారతీయ జాడ కావాలనుకునేవారికి కటాల పేర్లలోని అంకెలు మేలైన ఆధారం. సేసాన్ అంటే 13, సేపాయి అంటే 18, సాన్‌సేరు 36, సుపారిన్‌పేయి 108. వీటిలో 36నూ 108నూ బౌద్ధ సంఖ్యలుగా చెప్పడం వాడుక. నూట ఎనిమిది బౌద్ధం వెంట ఇక్కడినుంచి చైనాకు, అక్కడినుంచి తూర్పు సముద్రం దాకా నడిచిన లెక్క. అష్టోత్తరం చదివే ఇళ్లలో దానికి వేరే పరిచయం అక్కర్లేదు.

అర్థం జారిపోయిన తీరు

1905 ప్రాంతంలో అంకో ఇతోసు అనే షురి గురువు ఒకినావా బడుల్లో కరాటేను పాఠంగా ప్రవేశపెట్టారు. పాత కటాలు పొడవైనవి, పిల్లలకు బరువైనవి. అందుకని పినాన్ అనే పేరుతో అయిదు చిన్న కటాలు కూర్చారు. 1922లో టోక్యో చేరిన ఆయన శిష్యుడు, షోటోకాన్ శాఖ స్థాపకుడు గిచిన్ ఫునాకోషి తర్వాత వాటికే హెయాన్ అని పేరు మార్చారు. ఇప్పుడు హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా షోటోకాన్ క్లాసులో తెల్లబెల్టు పిల్లవాడు చేసేది ఆ ఇతోసు పాఠమే.

బడిలోకి రావడంతో విద్య విస్తరించింది. కానీ ఒక గురువు ముందు ఒక్కడో ఇద్దరో శిష్యులు ఉండే రోజులు పోయి, ఒక మాస్టారు ముందు వరుసలు కట్టిన తరగతి వచ్చింది. మెడ పట్టడం, కీలు విరవడం, కంట్లో పొడవడం లాంటి సంగతులు పిల్లలకు చెప్పేవి కావు. దాంతో పై రూపం మిగిలి, లోపలి అర్థం పలచబడింది. దీనికి ఇతోసును తప్పుపట్టడం న్యాయం కాదు. 1908లో ఆయన రాసిన పది సూత్రాల లేఖలోనే, ప్రతి కదలికకూ అర్థమేమిటో, దాన్ని ఏ సందర్భంలో వాడాలో తేల్చుకుని సాధన చేయాలని ఉంది. ఆ సూత్రం మరుగున పడింది, పినాన్‌లు మాత్రం ప్రపంచమంతా పాకాయి.

కటా అర్థం విప్పడాన్ని బుంకాయ్ అంటారు. ఆ మాటకు ముక్కలుగా విడదీయడం అని అర్థం. పద్యాన్ని పదాలుగా విడగొట్టి దండాన్వయం చేసినట్టే ఇదీ. హెయాన్ షోదాన్‌లో నాలుగో కదలికను తీసుకుంటే విషయం తెలుస్తుంది. సాధకుడు కుడిచేతిని కిందికి చాచి ఉంచుతాడు. వెంటనే ముందు కాలిని, ఆ చేతిని కలిపి వెనక్కి లాగి, చేతిని పైనుంచి సుత్తిలా తిప్పి దించుతాడు. అలంకారంగా చూస్తే ఇది చేతిని గుండ్రంగా తిప్పడమే. మణికట్టును ఎవరో పట్టుకున్నారనుకుంటే మొత్తం మారిపోతుంది. వెనక్కి లాగడం పట్టు విడిపించుకోవడం, పైనుంచి దించడం పట్టుకున్నవాడి చేతి మీదో ముఖం మీదో కొట్టడం.

గుద్దేటప్పుడు రెండో చేతిని నడుము దగ్గరికి లాక్కోవడమూ అలాంటిదే. దీన్ని హికితే అంటారు. బలం కోసమే అలా లాగాలని చాలా క్లాసుల్లో చెబుతారు. కానీ పోటీలో గుద్దేవాడెవడూ చేతిని నడుము దగ్గర పెట్టుకోడు, ముఖం కాచుకుంటాడు. దగ్గరి పోరులో ఎదుటివాడి చేతినో చొక్కానో పట్టుకుని తనవైపు లాగుతూ రెండో చేత్తో కొట్టడమని చెబితేనే హికితేకు సరైన అర్థం కుదురుతుంది. మలుపుల విషయంలో కూడా అపోహలున్నాయి. కటా ఎనిమిది దిక్కులకు తిరుగుతుంది కాబట్టి ఎనిమిది మందితో పోరాడడమని అనుకోవడం పొరపాటని షితో-ర్యూ స్థాపకుడు కెన్వా మబుని 1930లలోనే రాశారు. ప్రత్యర్థి ఒక్కడే, సాధకుడు అతనికి ఏ వాలులో నిలబడాలో మలుపు చెబుతుంది.

ఒకే కటాను లోతుగా తవ్విన మనిషి చోకి మొటోబు. నైహాంచి కటాలో ముందుకూ వెనక్కూ నడక ఉండదు, గోడకు వీపు ఆనించినట్టు పక్కలకే అడుగులు పడతాయి. చూపుకు ఇంత సాదా కటా ఇంకోటి లేదు. మొటోబు దాని మీదే జీవితమంతా నిలబడ్డారు. 1926లో అచ్చయిన తన పుస్తకంలో ఇద్దరు మనుషులు దగ్గరగా తలపడే సాధనలను బొమ్మలతో చూపించారు.

ఊపిరి చేసే పని

రోకలి దంచేటప్పుడు ప్రతి పోటుకూ ‘ఆహుం’ అనే ఊనిక మన దంపుళ్ల పాటల్లో వినిపిస్తుంది. కట్టె మీద గొడ్డలి దించేవాళ్లు, బండ మీద బట్ట బాదేవాళ్లు కూడా దెబ్బ పడే క్షణంలో నోటితో గాలి వదులుతారు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. బరువు పని చేసే ఒళ్లు తానుగా కనిపెట్టుకున్న పద్ధతి అది. కటాలో ఊపిరికి ఆధారం కూడా ఇదే. చెయ్యి ముడుచుకునేటప్పుడు, కాలు దగ్గరికి తెచ్చుకునేటప్పుడు పూరకం, అంటే పీల్చడం. దెబ్బ తగిలే చోట రేచకం, అంటే వదలడం.

దీని వెనక ఉన్న యంత్రాంగం సులువుగానే అర్థమవుతుంది. ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా పరుచుకున్న కండరం డయాఫ్రం. పీల్చినప్పుడు అది కిందికి దిగి, పొట్టలోని అవయవాలను నొక్కుతుంది, పొట్ట కొంచెం ముందుకు వస్తుంది. గట్టిగా వదిలేటప్పుడు పొట్ట కండరాలు చుట్టూ పటకాలా బిగుసుకుంటాయి. ఆ బిగువుతో నడుము ఒక స్తంభంలా గట్టిపడుతుంది. గుద్దు బలం పిడికిట్లో పుట్టదు. నేలను తన్నిన కాలిలో మొదలై, తుంటి తిప్పడంతో పెరిగి, నడుము మీదుగా భుజానికి చేరుతుంది. నడుము వదులుగా ఉంటే ఆ బలం దారిలోనే చెదిరిపోతుంది. దెబ్బ తగిలే ఆ ఒక్క క్షణంలో ఒళ్లంతా బిగుసుకుని, మరుక్షణం వదులవడాన్ని కిమే అంటారు. బిగువు నిలబడిపోతే తర్వాతి కదలిక ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

దెబ్బ తినడంలోనూ ఊపిరి కాపు కాస్తుంది. పీల్చే సమయంలో పొట్ట మెత్తగా ఉంటుంది. అప్పుడు గుద్దు తగిలితే డయాఫ్రం పట్టేసి, కాసేపు గాలి ఆడదు. అందుకే అనుభవజ్ఞులు ఎదుటివాడు ఎప్పుడు పీలుస్తున్నాడో కనిపెట్టి అప్పుడు కొడతారు. పీల్చినట్టు బయటికి చెప్పేసేవి భుజాలు, ఛాతీ పైకి లేస్తే భుజాలూ లేస్తాయి. పొట్టతో పీలిస్తే పైనుంచి ఏమీ కనబడదు. కరాటే గురువులు బొడ్డుకు రెండు మూడు వేళ్లు కిందుగా ఉన్న తాన్‌దెన్ అనే చోటికి ఊపిరి దించమంటారు. గాలి ఊపిరితిత్తులు దాటి అక్కడికి పోదు. డయాఫ్రం పూర్తిగా దిగినప్పుడు పొట్ట అడుగున తెలిసే నిండుదనానికి అదొక గుర్తు.

గాలిని మొత్తం వదిలేయకూడదన్నది మరో నియమం. ఒక గుద్దుకు ఊపిరితిత్తులు ఖాళీ అయితే రెండో గుద్దుకు పీల్చడానికి ఆగాల్సి వస్తుంది, ఆ విరామమే ప్రత్యర్థికి అవకాశం. అందుకే వరసగా రెండు మూడు దెబ్బలున్న చోట ఒక్క ఊపిరినే ముక్కలుగా పంచుకుంటారు. హెయాన్ షోదాన్‌లో మూడు అడుగులు వేస్తూ మూడుసార్లు పైకి అడ్డుకునే వరుస ఒకటుంది. మూడో అడ్డు దగ్గర కియాయ్, అంటే పొట్టలోంచి వచ్చే కేక. తిరిగి వచ్చేటప్పుడు మూడు గుద్దుల్లో మూడోదాని దగ్గర రెండో కియాయ్. కియాయ్‌ను అరుపు అనుకుని గొంతుతో చేసే పిల్లలకు రెండు రోజుల్లో గొంతు బొంగురుపోతుంది. అది రేచకంలో బలమైన రూపం, శబ్దం దాని వెంట వచ్చేది.

కటా ఒక్క వేగంతో సాగదు. బలంలో గట్టీ మెత్తా, ఒంటిలో చాపూ ముడుపూ, వేగంలో నెమ్మదీ తొందరా మరిచిపోవద్దని ఫునాకోషి తన ఇరవై సూత్రాల్లో 19వదిగా చెప్పారు. ఊపిరి కూడా ఈ మార్పును అనుసరించాలి. నెమ్మది కదలికకు పొడుగాటి ఊపిరి, చురుకు కదలికకు చిన్న ఊపిరి, కొన్ని చోట్ల నెమ్మదిగా పీల్చి ఒక్కసారిగా వదలడం. షోటోకాన్‌లోని హంగెత్సు కటా మొదటి భాగమంతా నిదానంగా, దీర్ఘ శ్వాసతో నడిచి, తర్వాత వేగం అందుకుంటుంది.

సాన్‌చిన్

ఊపిరే ప్రధానమైన కటా సాన్‌చిన్. పేరుకు మూడు పోరాటాలు అని అర్థం. మనసు, ఒళ్లు, ఊపిరి, ఈ మూడింటినీ ఒక్కతాటి మీదికి తెచ్చే పోరని సంప్రదాయం వివరిస్తుంది. ఇందులో ఎగిరేదీ తన్నేదీ లేదు. పదిమంది ముందు ప్రదర్శిస్తే చప్పట్లు రావు. అయినా నాహా సంప్రదాయంలో దీన్ని అన్నిటికీ పునాదిగా చూస్తారు.

దీన్ని ఫుజౌలో నేర్చుకుని నాహాకు తెచ్చినవారిలో ముఖ్యులు కాన్ర్యో హిగవొన్నా. ఆయన దగ్గర చేరిన కుర్రాళ్లు ఏళ్ల తరబడి సాన్‌చిన్ తప్ప మరో కటా ఎరగరని శిష్యులు చెప్పుకునేవారు. ఆయన శిష్యుడే 1888లో పుట్టిన చోజున్ మియాగి. ఒకినావాలో చేతిరాత ప్రతులుగా తిరిగిన ‘బుబిషి’ అనే చైనా గ్రంథంలో, ఉచ్ఛ్వాస నిశ్వాసాల్లోనే గట్టిదనం, మెత్తదనం ఉన్నాయనే అర్థం వచ్చే ఒక మాట ఉంది. మియాగి తన శాఖకు పేరు అక్కడినుంచే తీసుకున్నారు. ‘గో’ అంటే గట్టి, ‘జు’ అంటే మెత్త. ఒక యుద్ధవిద్యా శాఖ తన పేరునే ఊపిరి నుంచి తెచ్చుకోవడం విశేషం.

సాన్‌చిన్ నిలుపు చూడటానికి తేలిక, నిలబడితే తెలుస్తుంది కష్టం. పాదాలు భుజాలంత ఎడం. ముందు పాదం మడమ, వెనక పాదం బొటనవేలు ఒకే అడ్డగీత మీద ఉండాలి. ముందు పాదం వేళ్లు కొంచెం లోపలికి తిరుగుతాయి. మోకాళ్లు కాస్త వంగి లోపలికి బిగుస్తాయి, తుంటి ముందుకు మడిచి వెన్ను నిటారుగా నిలుస్తుంది. పాదాల వేళ్లు నేలను పట్టుకున్నట్టుంటాయి. రెండు చేతులూ భుజాల ఎత్తున పిడికిళ్లతో ముందుంటాయి. ఒక చేతిని ముక్కుతో పీలుస్తూ నడుము పక్కకు లాగి, నోటితో దీర్ఘంగా వదులుతూ నెమ్మదిగా గుద్ది, మళ్లీ అడ్డుకునే స్థితికి తెస్తారు. ఒక అడుగు, ఇంకో చెయ్యి. కొన్ని అడుగులు ముందుకు, కొన్ని వెనక్కి. హిగవొన్నా పద్ధతిలో రెండు మలుపులున్నాయి. మియాగి కూర్చిన పొట్టి రూపంలో మలుపుల్లేవు.

గోజు-ర్యూలో వదిలే ఊపిరి వినబడుతుంది. గొంతు అడుగునుంచి, గాలి ఒరుసుకుంటూ వచ్చే శబ్దం అది. ఇలా బలంగా, వినబడేలా వదలడాన్ని ఇబుకి అంటారు. చడీచప్పుడు లేకుండా మెల్లగా విడిచేది నొగారె. సాధకుడు కటా చేస్తుంటే గురువు వెనక నిలబడి భుజాల మీద, వీపు మీద, తొడల మీద అరచేత్తో చరుస్తాడు. దీన్ని షిమే అంటారు. శిక్షించడానికి కొట్టే దెబ్బలు కావవి. ఏ కండరం సోలిపోయిందో, ఏ క్షణంలో ఊపిరి, ఒళ్లు విడిపోయాయో చేత్తో తడిమి చూడడం. ఒంటి తీరు తెలియనివాడు ఇదే పనిని బలప్రదర్శనగా చేస్తే మాత్రం దెబ్బలే మిగులుతాయి.

అదే చైనా మూలం నుంచి వచ్చినా కాన్బున్ ఉయెచి శాఖలో సాన్‌చిన్ వేరుగా ఉంటుంది. ఆయన 1897లో ఫుజౌ వెళ్లి నేర్చుకున్నారు. ఆ శాఖలో పిడికిలి ఉండదు, చేతులు తెరిచే ఉంటాయి, ఊపిరి చప్పుడు తక్కువ. కదలికలు చురుగ్గా సాగుతాయి. ఒకే కటాకు రెండు ఊపిరులు ఉన్నాయంటే, ఈ విషయంలో ఒకటే సరైనదని వాదించడం వృథా అని అర్థమవుతుంది. ఆ శాఖలోని కదలికల వేగానికి ఏ ఊపిరి అతుకుతుందో అదే సరైనది.

సాన్‌చిన్ గట్టిదనానికి జోడీగా మియాగి 1921 ప్రాంతంలో తెన్షో కటాను కూర్చారు. తిరిగే అరచేతులని ఆ పేరుకు అర్థం. బుబిషిలోని ‘ఆరు చేతులు’ అనే భాగం దానికి ఆధారం. నిలుపు సాన్‌చిన్‌దే, ఊపిరీ దీర్ఘమే. చేతులు మాత్రం తెరుచుకుని, మణికట్టు దగ్గర నీటి సుడిలా తిరుగుతాయి. ఒంటి అడుగుభాగం బిగిసి ఉండగా పైభాగం మెత్తగా సాగడం దాని కిటుకు. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చేసినవారికి గో, జు అనే మాటలు విడిగా వివరించనక్కర్లేదు.

జాగ్రత్తలు

సాన్‌చిన్ విషయంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. ఒళ్లంతా బిగించి ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లు ముక్కినప్పుడు, శక్తికి మించిన బస్తా ఎత్తినప్పుడు జరిగేదీ ఇదే. ప్రాణాయామంలో కుంభకానికి, అంటే ఊపిరి బిగపట్టడానికి, స్థానం ఉంది, కానీ అది ఒళ్లు వదులుగా, కూర్చుని చేసేది. కరాటేలో బిగువూ కుంభకమూ కలపకూడదు. బిగించినప్పుడల్లా గాలి బయటికి పోతూనే ఉండాలి. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు బలవంతపు ఊపిరి సాధన డాక్టరును అడగకుండా చేయకూడదు. చిన్నపిల్లలకు ఇబుకి అవసరమే లేదు. వాళ్లకు మామూలు ఊపిరితో కటా చాలు.

ఇబుకి శబ్దాన్ని అనుకరించడం మరో జబ్బు. గొంతును బిగించి గరగరమనిపిస్తే చూసేవాళ్లకు భీకరంగా ఉంటుంది, కానీ లోపల డయాఫ్రం కదలదు. పరీక్షించడం తేలిక. చెయ్యి బొడ్డు కింద పెట్టి వదలాలి. చెయ్యి కింద పొట్ట గట్టిపడుతూ లోపలికి పోతే ఊపిరి పనిచేస్తున్నట్టు. ఏమీ కదలకుండా గొంతు మాత్రమే నొప్పి పెడితే అది చప్పుడే.

పోటీలను నడిపే ప్రపంచ కరాటే సమాఖ్య కూడా ఈ తేడా గుర్తించింది. కటా పోటీలో న్యాయనిర్ణేతలు చూసే అంశాల్లో సరైన ఊపిరి ఒకటి. అదే నియమావళిలో కాలు దబదబా నేలకు కొట్టడం, ఛాతీ, యూనిఫాం చరుచుకోవడం, తగని రీతిలో ఊపిరి చప్పుడు చేయడం తప్పులుగా రాసి ఉన్నాయి. ఒలింపిక్స్‌లో కటా పోటీ జరిగింది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో, బుడోకాన్ మందిరంలో. పురుషుల బంగారు పతకం ఒకినావాకు చెందిన ర్యో కియునాకు, స్త్రీలది స్పెయిన్‌కు చెందిన సాంద్రా సాంచెజ్‌కు దక్కాయి. ఒకినావా మనిషికి ఒలింపిక్ స్వర్ణం రావడం అదే మొదలు. 2024 పారిస్ క్రీడల్లో కరాటేకు చోటు దొరకలేదు.

ఒక కటా నేర్చుకునే వరుస

మొదట అడుగులు. అప్పుడు ఊపిరి గురించి ఆలోచించకూడదు, రెండూ ఒకేసారి పెట్టుకుంటే గుర్తుచేసుకునే తాపత్రయంలో ఊపిరి ఆగిపోతుంది. నోరు కొద్దిగా తెరిచి, మామూలుగా పీలుస్తూ వదులుతూ చేయాలి. వరుస తడబాటు లేకుండా వచ్చాక సగం వేగంతో చేస్తూ ఒక్కో దెబ్బకు ఒక్కో రేచకం అతికించాలి. ఇది కుదిరితే పీల్చడం దానంతట అదే చోటు వెతుక్కుంటుంది. తర్వాత ఒక స్నేహితుణ్ని ఎదురుగా నిలబెట్టి ఒక్కో కదలికను విప్పి చూడాలి. మణికట్టు పట్టుకోమని, మెడ మీద చెయ్యి వేయమని అడిగి, కటాలోని ఏ కదలిక దానికి జవాబో వెతకాలి. అర్థం తెలిశాక ఊపిరి కూడా మారుతుంది. విడిపించుకోవడానికీ కొట్టడానికీ గాలి ఒకేలా వదలాల్సిన అవసరం ఉండదు. ఆ మార్పుతో మళ్లీ ఒంటరిగా, పూర్తి వేగంతో చేయాలి. చివరి కదలిక అయ్యాక చటుక్కున వదిలేయకుండా, చూపు ముందుకే ఉంచి, రెండు మూడు నిదానమైన ఊపిరులతో గుండె దడ తగ్గేదాకా నిలబడాలి. వదలడం దీర్ఘమైతే గుండె వేగం తగ్గుతుంది, ఇది ఎవరి నాడి వాళ్లు పట్టుకుని చూసుకోవచ్చు.

ఇదంతా ఒక్క కటాకు నెలల పని. బెల్టుకో కటా చొప్పున పరుగెత్తే క్లాసుల్లో దీనికి తీరిక దొరకదు. ఫునాకోషి తన జ్ఞాపకాల్లో అజాతో అనే తన గురువు ఇంటి పెరటిలో రాత్రిళ్లు ఒకే కటాను నెలల తరబడి చేసిన సంగతి రాసుకున్నారు. షోటోకాన్‌లో తెక్కి అని పిలిచే మూడు నైహాంచి కటాలు నేర్చుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. పిల్లల్ని కరాటేకు పంపే తల్లిదండ్రులు బెల్టు రంగు గురించి అడిగే ముందు మాస్టారిని ఒక మాట అడగాలి: మా వాడు చేస్తున్న ఈ కటాలో ఈ కదలిక దేనికండీ, ఇక్కడ ఊపిరి ఎలా వదలాలండీ? మంచి మాస్టారు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు, అక్కడికక్కడే ఎదురుగా నిలబెట్టి చేసి చూపిస్తారు.